నేను నొక్కని బటన్

పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డులో, స్టేషను వైపు చివర,
చెప్పుల షాపుకీ జెరాక్స్ కొట్టుకీ మధ్య మెట్లెక్కితే
నా గాజు తలుపు.
లోపల ఒక పెట్టె, ఒక్క మనిషి పట్టేంత.
గోడలకి బూడిదరంగు స్పాంజి,
గుడ్ల అట్టలా గుంటలు గుంటలుగా.

మునిరత్నం గారు చెప్పులు విప్పి అందులోకి వెళ్ళారు.
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు
రివెట్లు కొట్టిన మనిషి.
హెడ్‌ఫోన్ తగిలిస్తే, పెళ్ళిలో బాసికం కట్టినట్టు
కాస్త సిగ్గుపడ్డారు.

"ఎంత సన్నగా వినబడ్డా సరే, వేలెత్తండి."

కూత పంపుతాను. వేలు లేస్తుంది.
తగ్గిస్తాను. లేస్తుంది.
ఇంకా తగ్గిస్తాను.
నుదురు ముడిపడుతుంది, ఊపిరి బిగపడతారు,
తన ఊపిరే తనకి అడ్డమైనట్టు.

అప్పుడు నేనేమీ పంపలేదు.
వేలు లేచింది.

మళ్ళీ పంపలేదు.
మళ్ళీ లేచింది.

తలుపు తీసి అడిగాను, ఏం వినబడిందని.
"ఏమోనమ్మా. నువ్వు తల వంచావు.
నువ్వు తల వంచితే కూత వస్తుంది కదా.
వచ్చింది."

కాలేజీలో దీనికి నాలుగు గళ్ళు గీయించారు,
ఉన్నది విన్నాడు, ఉన్నది వదిలాడు,
లేనిది విన్నాడు...
ఆయన అబద్ధమాడలేదు. అంతే నాకు తెలుసు.
కుర్చీ తిప్పుకుని, ఆయనకి నా వీపు చూపించి
మొదటి నుంచీ మొదలుపెట్టాను.

కాగితం మీద ఎర్ర సున్నాలు, నీలం ఇంటూలు.
నాలుగు వేల దగ్గర గీత గోతిలో పడింది.
అచ్చులు మిగిలాయి.
స, శ, త, క రాలిపోయాయి.
"ఇంట్లో ఇబ్బందేమైనా ఉందా?"
బయటి బెంచీ మీద నుంచి కనకవల్లమ్మ అందుకుంది:
"సబ్బు తెచ్చావా అంటే
డబ్బెక్కడిది అంటాడు."

ముగ్గురం నవ్వాం.
రాత్రి పెరుగన్నం కలుపుకుంటుంటే తట్టింది.
చెవి అందించింది 'అబ్బు' వరకే.
ముందు హల్లు ఆయన తగిలించుకోవాలి.
అన్నేళ్ళు ఆ ఇంటి తలుపు
ఏ మాట ఎక్కువసార్లు కొట్టిందో
దానికే గడియ తీశారు.

మిషను పెట్టి పంపిన పదకొండో రోజు
దాన్ని మాత్రల డబ్బాలో తెచ్చి నా ముందుకు తోశారు.
"అన్నీ వస్తున్నాయమ్మా.
ఫ్యాను, ఫ్రిజ్జు, పంచె నలిగేది,
నా పళ్ళు నమిలేది, కిందింటి కుక్కరు,
పక్కన కూర్చుని ఈవిడ మాట్లాడేది,
అన్నీ రేషను క్యూలో తోసుకుంటూ అరుస్తాయి.
ఎవర్ని ముందు పిలవాలి?"

చెప్పబోయాను.
వినడమంటే రానివ్వడం కాదండీ, ఆపడం.
మీ లోపలి వాచ్‌మన్ పదేళ్ళుగా పనిలేక కునుకుతున్నాడు,
లేచి మొహాలు గుర్తుపట్టడానికి నెలో రెండు నెలలో...
ఆయన చెయ్యెత్తారు.
"ముందు ఆ రైలు పోనీ."

ఏ రైలు?

కిటికీ అవతల ఆవడి లోకల్.
బల్ల మీద నా పెన్ను వణుకుతోంది.
ఆరేళ్ళయింది ఈ గది తీసుకుని.
ఆ చప్పుడు పేరు చెప్పే
అద్దెలో అయిదు వందలు తగ్గించుకున్నాను.
ఎప్పుడు పోయిందో,
నేను ఆ చప్పుడుకి ఎప్పుడు చెవిటిదాన్నయ్యానో
ఏ కాగితం మీదా లేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించారు:
"రాత్రి ఇది తీసేశాక కూడా
రివెట్లు పడుతూనే ఉంటాయి తల్లీ,
రెండో షిఫ్టు మొత్తం.
ఆ బటన్ ఎవరు నొక్కుతున్నారు?"

ఫైల్లో దానికో గడి ఉంది.
చెవిలో హోరు: ఉంది, లేదు.
'ఉంది' మీద టిక్కు పెట్టాను.

మెట్ల కింద నుంచి కనకవల్లమ్మ ఏదో అడిగింది.
ఇంకో రైలు. నాకు వినబడలేదు.
ఆయన మాత్రం జేబు తడుముకుని
"తెచ్చాలే" అన్నారు.